సిగ్మా మాస్టారి సొంత ప్రమేయం

సిగ్మా మాస్టారికి లెక్కలంటే ప్రాణం, అంకెలంటే చిరాకు. ఇదేం చోద్యం అనుకోకండి, ఆ రకం మనుషులు అలాగే ఉంటారు. బస్సు నంబరు గుర్తుండక రోజుకో వీధిలో దిగేవారు గానీ, కాలేజీలో బోర్డు ముందు నిలబడితే ఎంత గడ్డు ఇంటిగ్రలైనా ఆయనకు నల్లేరు మీద నడకే.

ఆయన పరిశోధన ప్రత్యేక ప్రమేయాల మీద, అంటే ఒక సంఖ్య వేస్తే ఇంకో సంఖ్య ఇచ్చే ఫంక్షన్ల మీద. శాస్త్రవేత్తల లెక్కల్లో కొన్ని ప్రమేయాలు పదే పదే తగులుతుంటాయి. చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసిన బంధువుల్లా అవి ఎంతకీ వదలవు. చేసేది లేక తలా ఒక పేరు పెట్టి, వాటి గుణగణాలన్నీ పట్టికల పుస్తకంలో అచ్చేస్తారు. ఆ పేర్ల పక్కన తన పేరు కూడా ఓ మూల పడాలని మాస్టారి ఆశ. జీవితంలో ఆయన కోరుకున్నది అదొక్కటే, పాపం.

అందుకే ఏళ్ల తరబడి కుస్తీ పట్టి సొంతంగా ఒక ప్రమేయాన్ని పుట్టించారు. రాస్తే అర బోర్డు నిండేది. దానికి ఎన్ని సుగుణాలో! కుడివైపు ఎలా ఉంటుందో ఎడమవైపూ అచ్చం అలాగే ఉంటుందని ఒక వేసవిలో నిరూపించారు. దాని మార్పు రేటు కనుక్కుంటే మళ్లీ అదే వస్తుందని ఇంకో వేసవిలో నిరూపించారు. రెండు వ్యాసాలూ అచ్చయ్యాయి. ఆ ప్రమేయంలో ఒక్క విలువైనా వేసి చూసిన పాపాన పోలేదు. విలువలు వేయడం గుమాస్తా పనని ఆయన నమ్మకం. ఆ శాఖలో అందరికీ అదే జబ్బు కాబట్టి ఎవరూ అడగలేదు.

రిటైరయ్యే ముందు మాస్టారు దాని మీద ఉపన్యాసం ఇస్తే, కొత్త పట్టికల పుస్తకంలో ఆ ప్రమేయాన్ని ఆయన పేరుతోనే వేయిస్తానని శాఖాధిపతి మాటిచ్చారు. మాస్టారి కాళ్లు నేల మీద ఆనలేదు.

మాస్టారి భార్య దర్జీ. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, ఆయన బల్ల ఎదురెదురుగా ఉంటాయి. ఉపన్యాసం రోజు పొద్దున్నే ఆమె కొత్త చొక్కా జేబు మీద సుద్దతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, సూదిలో నీలం దారం ఎక్కించింది.

“ఏవండీ, మీ ప్రమేయం బొమ్మ ఎలా ఉంటుందో చెప్పండి, కుట్టేస్తాను.”

“దానికి బొమ్మేమిటే? అందమంతా గుణాల్లోనే ఉంది.”

“ఇన్నేళ్లు దాంతో కాపురం చేసి మొహం చూళ్లేదా?”

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. కాగితం లాక్కుని ఒకటి వేశారు. సున్నా వచ్చింది. రెండు వేశారు. సున్నా. మూడున్నర వేశారు. దానికీ కనికరం లేదు. అప్పుడు వెలిగింది బుర్రలో. రెండువైపులా ఒకేలా ఉంటూ, మార్పు రేటు కూడా తానే అయ్యే ప్రమేయం లోకంలో ఒక్కటే ఉంది. ఏం వేసినా సున్నాయే ఇచ్చేది. రెండు వేసవుల ఫలితాల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఎప్పుడో తెలిసేది.

“నేను ఇన్నాళ్లూ సున్నాని పెంచానే,” అంటూ కూలబడ్డారు.

ఆమె జేబు కేసి చూసింది. “అయితే ఈ అడ్డగీత మీదే పోతుందన్నమాట. పోన్లెండి, దారం కలిసొచ్చింది.” అంతలోనే ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. “ఎవరైనా కనిపెడతారా?”

“ఛ, ఎవరూ కనిపెట్టరు. విలువలు వేసేవాడేడీ అక్కడ?”

“మరింకేం?”

“పుస్తకంలో పేరుంటుంది గానీ, అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుందే.”

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. మాస్టారు ప్రమేయం నిర్వచనంతో అర బోర్డు నింపారు. రెండు గుణాలూ పక్కపక్కన రాశారు. జనం తలలూపుతున్నారు. కింద సమానం గుర్తు పెట్టి, సున్నా చుట్టారు.

“అయితే ఇన్నాళ్లూ మేం పొగిడింది సున్నానా?” అని శాఖాధిపతి నోరు తెరిచారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకేముంది, కడుపులు పట్టుకున్నారంతా. చివరికి మాస్టారూ ఆపుకోలేకపోయారు.

పట్టికల పుస్తకం ఆయన పేరు లేకుండానే వచ్చింది. ఆ రోజు మాస్టారికి అన్నం సయించలేదు. కానీ ఆ కాలేజీలో ఇప్పుడు సున్నా అనేవాళ్లు లేరు. టీ ఫ్లాస్కు ఖాళీ అయితే “ఇందులో మాస్టారున్నారు” అంటారు. మొన్న లెక్కల పరీక్షలో సగం క్లాసుకి మాస్టారే వచ్చారట.