మూడో సంతకం

నా పనికి లైఫ్ అసిస్టెంట్ అని పేరు పెట్టింది విజయవాడలో నాకు వారం రోజులు శిక్షణ ఇచ్చినవాళ్లు. ఇటు జగ్గయ్యపేటలో గానీ, మా నందిగామలో గానీ ఆ పేరు ఎవరి నోటా వినలేదు. "మా పనులు చూసే అమ్మాయి" అంటారు, అంతే. ఒంట్లో బాగాలేనివాళ్లు, చూపు ఆననివాళ్లు, కాలో చెయ్యో పడిపోయినవాళ్లు, ఇలాంటివాళ్ల రోజువారీ పనులు ఆగిపోకుండా చూడటం నా ఉద్యోగం. మందులు తేవడం, గ్యాస్ బుక్ చేయడం, ఆసుపత్రిలో చీటీ రాయించడం, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించడం, బ్యాంకుకు తోడు వెళ్లడం. వంట చేయడం, ఇల్లు ఊడవడం నా పని కాదని మొదటిరోజే చెప్పేస్తాను. చెప్పినా రెండో వారానికల్లా ఎవరో ఒకరు చీపురు చూపిస్తారు.

శిక్షణలో చెప్పినవాటిలో చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం గుర్తుంది. మనిషి తనంతట తాను చేసుకోగలిగిన పనిని, ఎంత ఆలస్యమైనా సరే, మనం చేసిపెట్టకూడదు. దాన్ని నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

నాకేమో ఓపిక తక్కువ. చేతిలో పని చకచకా అయిపోవాలి. ఎదుటివాళ్లు చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే నా వేళ్లు ఊరుకోవు. ఆ తొందరనే జనం చురుకుదనం అనుకున్నారు. ఆ పిల్లకి పని చెబితే చిటికెలో అయిపోతుంది అని ఒకరికొకరు చెప్పుకునేవారు. అది విని నేను పొంగిపోయేదాన్ని.

జగ్గయ్యపేటలో ఒక కుటుంబానికి స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కొడుకూ కోడలూ పొద్దున కొట్టు తెరిస్తే మళ్లీ మధ్యాహ్నం భోజనాలకే ఇంటికి వచ్చేది. ఇంట్లో ఆ కొడుకు తల్లి ఉండేది. అరవై ఎనిమిదేళ్లు. నిరుడు పక్షవాతం వచ్చింది. కాలు మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది, మాట తిరిగి వచ్చింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఆవిడ కోసం వారానికి నాలుగు రోజులు నందిగామలో బస్సెక్కి, హైవే మీద సిమెంటు లారీల వెనకాల దుమ్ము తింటూ వెళ్లేదాన్ని. నేను ఆవిడను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది.

పిన్నిగారు బడికి వెళ్లలేదు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇంటి రిజిస్ట్రేషన్‌కని వెళ్లినప్పుడు, ఆఫీసులో ఒకతను ఆవిడ వేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడట. పక్కనే నిలబడ్డ తోడికోడలు తన సంతకం తాను చేసుకుంది. వేలికి అంటిన ఆ నలుపుతో నలుగురి మధ్యా ఇంటికి నడిచి వస్తుంటే తల కొట్టేసినట్టయిందని చెప్పింది. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆ మర్నాటి నుంచే మధ్యాహ్నంపూట పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు పేరు దిద్దడం మొదలుపెట్టింది. ఇంటిపేరులో మొదటి అక్షరం, చుక్క, తర్వాత మూడక్షరాలు. రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత సంతకం చాలినచోట మళ్లీ వేలు ముట్టనివ్వలేదు. పోస్టుమాన్ కాగితం మీదా సంతకమే, మనవరాలి బడి పుస్తకంలోనూ సంతకమే. ఈ సంగతి నాకు పదిసార్లయినా చెప్పి ఉంటుంది. కాబట్టి నాకు తెలియదు అని చెప్పుకునే వీలు కూడా లేదు.

పక్షవాతం తర్వాత బ్యాంకులో చిక్కొచ్చింది. వాళ్ల దగ్గర ఉన్నది కుడిచేతి సంతకం. ఎడమ చేత్తో చేస్తే దానితో కలవదు. ఈ తిప్పలన్నీ ఎందుకు, ఖాతా నా పేరు మీదికి మార్చేసుకుందాం అన్నాడు కొడుకు. మంచిగానే అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఎడమ చేత్తో నేర్చుకుంటానంది. బ్యాంకు ఆఫీసరుగారిని అడిగితే ఆయన కూడా మర్యాదగానే చెప్పారు. ఏ చేత్తో చేసినా ఫరవాలేదు, బ్యాంకులో మా ఎదురుగా మూడుసార్లు ఒకేలా సంతకం చేస్తే దాన్నే కొత్త సంతకంగా తీసుకుంటాం అన్నారు. అలా కుదరకపోతే వేలిముద్ర ఖాతా అవుతుంది. చెక్కుపుస్తకం వెనక్కి ఇచ్చేయాలి, ఏ పనికైనా ఆవిడే స్వయంగా రావాలి.

అలా పిన్నిగారు రెండోసారి అక్షరాలు దిద్దడానికి కూర్చుంది. నేను వెళ్లిన ప్రతిరోజూ పదకొండు గంటలకు, గీతల నోటుపుస్తకం, నీలం పెన్ను. కుడి చెయ్యి ఆసరా లేదు గనక పుస్తకం కదలకుండా నేను పట్టుకోవాలి. ఆవిడ దిద్దేటప్పుడు నాకు అప్పగించిన పని అదొక్కటే. ఆ అరగంట నాకు గడిచేది కాదు. ఒక్కో అక్షరానికి ఆవిడ పెదవి బిగించి, ఊపిరి బిగబట్టి, సున్నా చుట్టడానికి నిమిషం తీసుకునేది. నేను ఒక చేత్తో పుస్తకం పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకునేదాన్ని. పుస్తకం జరిగిపోయేది. "కాస్త గట్టిగా పట్టుకో అమ్మాయ్" అనేది, కోపం లేకుండానే. కొన్నాళ్లయ్యాక పుస్తకం మీద ఒక స్టీలు డబ్బా బరువు పెట్టి, మందులు తెస్తానని బయటికి వెళ్లిపోవడం మొదలుపెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఇంకా రాస్తూనే ఉండేది.

రెండు నెలలకు అక్షరాలకు రూపం వచ్చింది. మొదటి సంతకం బాగా వచ్చేది. రెండోది కొంచెం కిందికి వాలేది. మూడో దానికి చెయ్యి అలిసిపోయేది. కాసేపు ఆగితే అదీ వచ్చేది. కాసేపు ఆగాలి, అంతే.

బ్యాంకుకు వెళ్లే రోజు పొద్దున్నే ఆవిడ తలంటి పోసుకుంది. గంజి పెట్టిన నేతచీర కట్టించమంది. ఆ రోజు నాకు నందిగామలో ఇంకో పని ఉంది. చూపు తగ్గిన ఒక మాస్టారిని పన్నెండున్నరకు కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. పిన్నిగారికి ఆ సంగతి ఆటోలోనే చెప్పాను. చెప్పాల్సిన అవసరమేమీ లేదు. త్వరగా కానియ్యమని చెప్పడమే అది.

బ్యాంకు కిటకిటలాడుతోంది. ఆఫీసరుగారు ఎవరితోనో మాట్లాడుతున్నారని కౌంటర్లో ఉన్న కుర్ర క్లర్కు ఫారం తీసి ఇచ్చాడు. పిన్నిగారు కుర్చీలో కూర్చుని మొదటి సంతకం చేసింది. చక్కగా వచ్చింది. రెండోది కొంచెం వాలింది గానీ ఫరవాలేదన్నాడు క్లర్కు. మూడోదానిలో చుక్క దాటాక చెయ్యి వణికింది. గీత గడి దాటి బయటికి పోయింది. క్లర్కు ఇంకో ఫారం ఇచ్చాడు. మళ్లీ రెండు బాగానే వచ్చాయి, మూడోది పాడైంది. మా వెనక లైను పెరిగింది. ఎవరో గట్టిగా నిట్టూర్చారు. పాస్‌పుస్తకంతో విసురుకుంటున్న ఒకాయన, పెద్దావిడను ఎందుకమ్మా అట్లా కష్టపెడతావు, వేలిముద్ర వేయించొచ్చుగా అని నాతో అన్నాడు. ఆవిడతో కాదు, నాతో.

పిన్నిగారు ఆయన వైపు చూడలేదు. పెన్ను కింద పెట్టకుండానే క్లర్కుతో అంది. "ఇంకొక్క కాయితం ఇవ్వు బాబూ. కాసేపాగి చేస్తా."

క్లర్కు సొరుగు లాగాడు. కాగితం ఇవ్వబోతున్నాడు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తర్వాత అందరితో బ్యాంకువాళ్లు ఒప్పుకోలేదనే చెప్పాను. కానీ ఆ అబ్బాయి విసుక్కోలేదు, కాదనలేదు, సొరుగులో చెయ్యి పెట్టాడు. నేనే ముందుకు వంగి, "వద్దులెండి, వేలిముద్ర వేయించేస్తా" అన్నాను.

ఆడవాళ్లకు కుడి బొటనవేలు వేయించాలన్నాడతను. స్టాంపు ప్యాడ్ కౌంటరు మీదే ఉంది. ఆవిడ ఎడమ చేతిలో పెన్ను అలాగే ఉంది. నేను ఒళ్లో పడి ఉన్న కుడి చెయ్యి పైకెత్తాను. అది వద్దనలేని చెయ్యి. బొటనవేలు విప్పి, ప్యాడ్ మీద అద్ది, చూపించిన చోటల్లా నొక్కాను. మూడు చోట్ల. ఇలాంటివి ఎంతమందికి వేయించానో, ఎక్కడా అలుక్కుపోకుండా చక్కగా పడ్డాయి. ఆవిడ తన వేలినే చూస్తూ కూర్చుంది.

బస్సు తప్పిపోతుందని అలా చేశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ రోజు కంటి డాక్టరు రెండింటికి గానీ రాలేదు, అది వేరే సంగతి. అసలు నిజం ఏమిటంటే నాకు నామోషీ వేసింది. లైనులో అంతమంది చూస్తుండగా, ఆ వణికే చెయ్యి పక్కన, పని కానిచ్చుకోలేనిదానిలా నిలబడటం నామోషీ అనిపించింది. నా చురుకుదనానికి మచ్చ పడుతుందనుకున్నాను. అందుకోసం ఒక మనిషి ముప్ఫై ఏళ్లుగా దాచుకున్న పరువు తీశాను. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆటోలో ఆవిడ కుడి చెయ్యి పైటకొంగు కింద దాచుకుంది. తడిగుడ్డతో తుడుస్తానంటే వద్దంది. మర్నాడు మధ్యాహ్నం కొడుకు వచ్చి, పని అంత తొందరగా అయిపోయిందా అని మెచ్చుకున్నాడు. పక్క కొట్టువాళ్లకు చెప్పి నాకు ఇంకో రెండిళ్లు చూపించాడు. ఆ తర్వాత నుంచి బ్యాంకుకు ఆవిడే స్వయంగా వెళ్లాలి గనక, ప్రతిసారీ నేను తోడు ఉండాల్సిందే. నాకు పని పెరిగింది. ఇది రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నోటుపుస్తకం మళ్లీ బయటికి రాలేదు. వారం చూసి, నందిగామలో కొత్త పుస్తకం, లావుపాటి పట్టు ఉన్న పెన్ను కొనుక్కెళ్లాను. బ్యాంకులో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చట పిన్నిగారూ, ఈసారి నేను పక్కనే కూర్చుంటాను, ఎంతసేపైనా పట్టనివ్వండి అన్నాను. క్షమించమని అడగాలని బస్సులో అంతసేపూ అనుకున్నదాన్ని, అడగలేదు. ఆవిడ పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి, నెమ్మదిగా నా వైపు జరిపింది.

"వద్దులే అమ్మాయ్. నీకు బస్సు టైమైపోద్ది" అంది.

ఎత్తిపొడిచినట్టు కూడా అనలేదు. నా ఇబ్బంది తను అర్థం చేసుకున్నట్టే అంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

కిందటి నెలలో ఇళ్ల వివరాలు రాసుకోవడానికి ఒకామె వచ్చింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఎంతమంది ఉంటారు, నీళ్లు ఎప్పుడు వస్తాయి అని అన్నీ ఓపిగ్గా అడిగి రాసుకుంది. చివరికి కాగితం ఇటు తిప్పి, పెన్ను మూత తీసి, ఇక్కడ సంతకం చేయండమ్మా అంటూ పిన్నిగారి ముందు పెట్టింది. పెన్ను ఆవిడ ఎడమ చేతికి అందేటంత దగ్గరలోనే ఉంది. ఆవిడ దాని వంక చూడలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని ఎత్తి బల్ల మీద పెట్టింది. ముడుచుకున్న బొటనవేలును తనే విప్పింది.

"నాకు సంతకం రాదమ్మా" అంది.

వచ్చండీ అని నేను అనాలి. ఒక్క మాట. అలా అంటే, వస్తే మరెందుకు చేయరని ఆమె అడుగుతుంది. అప్పుడు జవాబు చెప్పాల్సింది నేను. పిన్నిగారు నా వైపు చూడలేదు.

వచ్చినామె తన సంచీ వెతుక్కుని, స్టాంపు ప్యాడ్ తేవడం మర్చిపోయానండీ, మీ దగ్గరుందా అని నన్నడిగింది. నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. తీసి, మూత తెరిచి ఇచ్చాను.