ఆమెన్ అనేదాకా

స్వర్ణలత టీచర్‌కు కోపం ఎక్కువని నందికొట్కూరులో చాలామంది అంటారు. ఎక్కువే. ఆ కోపమే లేకపోతే మా పాప సుజన ఈరోజు నా కళ్ల ముందు తిరుగుతూ ఉండేది కాదు. అందుకే ఆమెను గయ్యాళి అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె మా ఊరి క్రైస్తవ బడిలో సైన్సు చెబుతుంది. ఆదివారం చర్చి తప్పని మనిషి. చిన్నప్పుడు వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. పైన అంచు పగిలిందని చెబుతున్నా వినకుండా యజమానులు కిందికి దింపారు. బండ మీద పడి చనిపోతే, దేవుడు పిలుచుకున్నాడని ఇంటికొచ్చి ఓదార్చారు. అప్పటినుంచి మనిషి చేసిన తప్పును దేవుడి మీదికి నెట్టేవాళ్లంటే ఆమెకు గిట్టదు.

బడి పై అంతస్తులో ప్రార్థన హాలుంది. పొద్దున్నే పిల్లలంతా అక్కడే కూర్చుంటారు. దిగడానికి ముందువైపు ఒక మెట్లదారి, వెనకవైపు ఒకటి. ప్రార్థన మధ్యలో పెద్ద పిల్లలు జారుకుంటున్నారని, కరస్పాండెంట్ ఆనందం అయ్యగారు వెనకదారి గ్రిల్ గేటుకు తాళం వేయించి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్నారు. ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, కదలకూడదు అనేది కూడా ఆయన పెట్టిన నియమమే. తెరిస్తే ఎండలో మోకాళ్ల మీద నిలబడాలి. బొట్టు పెట్టుకుని పోయే మా పాప కూడా ఆ భయంతో కళ్లు బిగించి కూర్చునేది.

ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి డ్రిల్ చేయించాలని చెప్పి పోయాక, ఆ పని స్వర్ణలత టీచర్‌కు అప్పగించారు. బడి అంతా ఒకచోట ఉండేది ప్రార్థనప్పుడే కాబట్టి ఆమె డ్రిల్ అప్పుడే పెట్టింది. గంట ఆగకుండా మోగింది. ఒక్క పిల్ల లేవలేదు, ఒక్కరూ కళ్లు తెరవలేదు. అయ్యగారు తీరిగ్గా ప్రార్థన ముగించి మురిసిపోయారు.

"చూసినావా టీచరమ్మా, మన పిల్లోల్ల భక్తి. అంత గంట కొట్టినా కదల్లేదు."

"భక్తి కాదయ్యగారూ, భయం. రేపు నిజంగా మంట లేసినా ఇట్లే కూసుంటారు. ఆ గేటు బీగమన్నా తీపించండి."

"దేవుని సన్నిధిలో ఏమైతాది లేమ్మా."

"దేవుడు బీగం ఎయ్యమన్లేదు. మీరు ఏసినారు."

ఆ రోజునుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశారు. తాళం మాత్రం తీయలేదు. డ్రిల్ దిగ్విజయంగా జరిగిందని మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టారు. వరసల్లో కళ్లు మూసుకుని కూర్చున్న పిల్లల ఫొటోలు. సిగ్గుండాలి.

ఒంటిపూట బడులు మొదలైనాక ఒక పొద్దున ముందు మెట్ల పక్కనున్న కూలర్ వైరు కాలి, పరదా అంటుకుంది. అయ్యగారు కళ్లు మూసుకుని పదో తరగతి పిల్లల పరీక్షల కోసం ప్రార్థిస్తున్నారు. టీచర్ లేవండని అరిచింది. పొగకు పిల్లలు దగ్గారే కాని కళ్లు తెరవలేదు. ఆమె వేదిక ఎక్కి అయ్యగారి చేతిలో మైకు లాక్కుని "ఆమెన్" అంది.

హాలంతా "ఆమెన్" అని కళ్లు తెరిచింది.

ముందుదారి నిండా పొగ. వెనకదారికి తాళం. అయ్యగారు జేబులు తడుముకున్నారు. చెవి ఇంట్లో వేరే చొక్కాలో ఉందట. ఆటల మాస్టరు భూపేష్ మూలనున్న షాట్‌పుట్ గుండు తెచ్చి, తాళం మీద మోది మోది పగలగొట్టాడు. పిల్లలంతా ఆ దారినే దిగారు. ఇద్దరు పిల్లలు స్పృహ తప్పి కర్నూలు ఆసుపత్రికి పోయి, దయవల్ల బాగై వచ్చారు. ఎవరి దయ అని నన్నడిగితే నేను టీచర్ పేరే చెబుతాను. అయ్యగారు ఆమెకు ఇచ్చిందేమిటో తెలుసా? ప్రార్థనకు భంగం కలిగించావంటూ మెమో.

వారం తిరక్కుండానే కృతజ్ఞతా కూడిక అని పిల్లలతోపాటు మమ్మల్నందరినీ అదే హాలుకు పిలిచారు. మసిపట్టిన గోడకు సున్నం కొట్టారు. దేవుడు చేసిన అద్భుతం గురించి అయ్యగారు చాలాసేపు చెప్పారు. వెనక్కి తిరిగి చూస్తే గ్రిల్‌కు మునుపటికంటే పెద్ద తాళం వేలాడుతోంది.

"కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అన్నారాయన.

ఏ పిల్లా మూసుకోలేదు. అందరూ వెనక్కి తిరిగి గ్రిల్ వైపే చూస్తున్నారు.

"అయ్యగారు చెప్తాండాడు గదమ్మా, మూసుకో" అన్నాను సుజన చెవిలో.

"మూసుకోను నాయనా. బీగం ఉండాది."

స్వర్ణలత టీచర్ లేచి వేదిక దగ్గరికి పోయి, అరవకుండా చెయ్యి చాపింది.

"చెవి ఇయ్యండయ్యగారూ. పిల్లోల్లు ప్రార్థన చేసుకోవల్ల."

ఆయన మా ముఖాలు చూశారు. మేమంతా అప్పటికే లేచి నిలబడి ఉన్నాం. ఆయన చెయ్యి జేబులోకి పోయింది. గ్రిల్ బార్లా తెరిచిన చప్పుడు విన్నాకే మా సుజన కళ్లు మూసుకుంది.