పక్కింటి చెత్త మీద కన్ను

నటేశన్ నగర్‌లోని మా ఇంటి ముందు పొద్దున్నే చెత్త బండి ఆగుతుంది. బుట్టల మూతలు తీస్తే వచ్చే ఆ పులిసిన వాసనకు ముక్కు మూసుకుంటాను. చిన్నప్పటి మా లాస్‌పేట ఇంట్లో ఈ వాసన ఎరగను, అసలు చెత్తబుట్టే ఉండేది కాదు.

పెరట్లో ఎరువు గుంత ఉండేది. ఆవుపేడ, పొయ్యి బూడిద, చింతపండు పీచు, ఎండాకాలం పనస తొక్కలు, పండుగనాడు బంధువులు పాయసం జుర్రి మడిచిన అరిటాకులు, మా జడల్లో వాడిన మల్లెలు అన్నీ అందులోకే పోయేవి. రోజూ సాయంత్రం మా అవ్వ వాటి మీద బూడిద చల్లేది. ఆడి నెల, అంటే ఆషాఢం, దుక్కికి ముందు ఆ ఎరువు బండ్లెక్కి మా పొలానికి పోయేది. తన ఎరువులో గోటికి రాయి కూడా తగలదని అవ్వ అందరికీ గొప్పగా చెప్పుకునేది.

నాకేమో ఆ గుంతంటే సిగ్గు. పక్కింటి సరసు వాళ్ళ నాన్నది ఆఫీసు ఉద్యోగం. వాళ్ళ వాకిట్లో బుట్ట నిండా బిస్కెట్ కాగితాలు, చాక్లెట్ల బంగారు రేకులు, షాంపూ కవర్లు తళతళలాడేవి. వాళ్ళు పారేసింది చూసినా నాకు కడుపు మండిపోయేది. ఆగలేక వాటిని ఏరుకొచ్చి మా గుంత మీద పరిచి, ఆటకొచ్చిన పిల్లలకు మేం తిన్నవేనని చూపించి, అవ్వ వచ్చేలోగా బూడిద కప్పేసేదాన్ని.

ఆ ఏడు ఎరువు చల్లితే పొలమంతా మెరిసింది. అవ్వ రెండు రోజులు నడుం వంచి ఒక్కో రేకు ముక్కా ఏరింది.

"మనింట్లో ఎవురే ఇవి తినేది? యాడనించి వచ్చె?" అంది.

"సరసే ఏసింది అవ్వా, గోడ మీదనించి," అన్నాను.

అవ్వ వాళ్ళ వాకిట్లో నిలబడి కేకలేసింది. ఏమీ తెలియని సరసును వాళ్ళమ్మ నా ఎదుటే కొట్టింది. ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు లోపల హాయిగా ఉండింది. సరసు మళ్ళీ నాతో మాట్లాడలేదు.

గుంత ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు కార్లు నిలుస్తున్నాయి. అవ్వ పోయాక ఆమె గది ఖాళీ చేస్తే, పారేసేందుకు ఒక్క సంచి కూడా నిండలేదు. నా ఇంట్లో రోజూ రెండు బుట్టలు నిండి, ఊరి బయటి చెత్త గుట్టకు పోతున్నాయి. సరసు మీద అసూయ ఎప్పుడో పోయింది, ఇప్పుడదంతా అవ్వ మీదే.

పోయేముందు మంచాన పడ్డాక కూడా ఒక పూట అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఆ సరసు పాపం మంచి పిల్లే, ఎందుకట్ల చేసిందో ఏమో," అంది.

నేను ఆమె దుప్పటి సరిచేశాను.