నాలుగు వాక్యాల్లో పెద్దమ్మ

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక మా పెదనాన్న చేసిన మొదటి ఘనకార్యం, ఇంటర్నెట్‌లో సొంత సైటు పెట్టడం. రెంటచింతల ఎండకు ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంటే ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని వ్యాసాలు చెప్పేవాడు. చూపు మందగించింది కాబట్టి రాయలేడు. ఆయన మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలు వేసుకునేది. ఎండిపోయిన బోర్ల గురించి, మిరప తెగుళ్ల గురించి, తన దగ్గర చదివి పైకొచ్చినవాళ్ల గురించి, పైకి రానివాళ్ల గురించి ఇంకాస్త ఎక్కువగా. ఎంత కిందికి జరిపినా ఆ పేజీలు అయ్యేవి కావు.

ఆయన కూతుళ్లిద్దరూ కళ్లనొప్పులనీ పిల్లల పరీక్షలనీ చెప్పి మర్యాదగా తప్పుకున్నారు. మిగిలింది నేను. చిన్నప్పుడు ఆయనింట్లో ఉండి చదువుకున్నవాణ్ణి, నాకు తప్పుకునే హక్కు లేదు. ఆదివారం పొద్దున లింకు, సాయంత్రం ఫోను. చదివావా అని అడిగి ఊరుకునేవాడు కాదు, ఏముందో అప్పజెప్పమనేవాడు. తను చెప్పింది ఒక్కడైనా చివరిదాకా చదవాలి, ఆ వయసులో ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే. నాకది చచ్చే చాకిరీ.

నరసరావుపేటలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేనేజరును నేను. మిర్చి యార్డు ధరలూ జీఎస్టీ రూల్సూ ఎక్కడెక్కడివో చదివి పొద్దున్నే మా ఓనరుకు చెప్పాలి. నా అవస్థ చూసి మా అమ్మాయి, నా ఆఫీసు కంప్యూటర్లో బ్రౌజరుకు ఒక ఎక్స్‌టెన్షన్ తగిలించింది. ఏ పేజీ తెరిచినా అదే చదివేసి, పక్కన నాలుగు వాక్యాల్లో సారాంశం ఇస్తుంది. తేదీ, పేజీ పేరు, ఆ నాలుగు వాక్యాలూ కలిపి తనంతట తనే లాగ్ అనే చిట్టాలో దాచుకుంటుంది. అసలు పేజీని మాత్రం దాచదు. నా పరిజ్ఞానానికి ఓనరు మురిసిపోయాడు. ఆ ఆదివారం పెదనాన్న లింకు కూడా అందులోనే తెరిచాను.

అప్పటినుంచి ప్రాణం హాయిగా ఉంది. నాలుగు వాక్యాలూ కాపీ చేసి, పైన "చదివాను పెదనాన్నా, చాలా బాగుంది" అని తగిలించి వాట్సాప్‌లో పంపేవాణ్ణి. ఆయన ఆ మెసేజిని ఫోను చేతే చదివించుకుని వినేవాడు. ఈ మధ్య బుద్ధిగా చదువుతున్నావని మెచ్చుకున్నాడు కూడా. నాకేం సిగ్గు వేయలేదు. చిన్నప్పుడు నా చెవి మెలేసిన మనిషికి ఒక ప్రోగ్రాము చేత పాఠం అప్పజెప్పించడం నాకు మహా సరదాగా ఉండేది.

పెద్దమ్మ పోయి ఏడాదయింది. చివరి రోజుల్లో ఆమె నరసరావుపేటలోనే, మా ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రిలో ఉంది. వెళ్లేవాణ్ణి, కొబ్బరినీళ్లిచ్చి కాసేపు నిలబడి ఫోను చూసుకుని వచ్చేసేవాణ్ణి. పోయిన రోజు నేను చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. సంవత్సరీకానికి కూడా వెళ్లలేదు, మిరపకాయల సీజను, గేటు దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆ పొద్దునే పెదనాన్న లింకు పంపాడు. పెద్దమ్మ మీద రాసిందని పేరు చూడగానే తెలిసింది. తెరిచాను, కాపీ చేశాను, పైన ఎప్పటి మాటే తగిలించి పంపాను. తన భార్య చావు గురించి చెప్పుకున్న మనిషికి చాలా బాగుందని జవాబిచ్చాను.

సాయంత్రం ఫోను రాలేదు. ఆ వారంలోనే కంటి ఆసుపత్రికని వచ్చిన పెదనాన్న ఆటో దిగి తిన్నగా మా ఆఫీసుకొచ్చాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. తన రాతలు నేను దేంట్లో చదువుతానో చూపించమన్నాడు. లాగ్ తెరిచాను. ఆయనకు తెర కనిపించదు, పైకి చదవమన్నాడు.

బోర్ల వ్యాసం, నాలుగు వాక్యాలు. తెగుళ్ల వ్యాసం, నాలుగు వాక్యాలు. ఏడాదిగా ఆయన చెప్పినదంతా నేను చదువుతూ పోయాను, ఆయన చెయ్యెత్తి ఆపలేదు. కాటా వేసేవాళ్లూ గుమాస్తాలూ తలుపు దగ్గర చేరి విన్నారు. మధ్యలో ఒకసారి, "తప్పుల్లేవురా, నా క్లాసులో అయితే దీనికి మంచి మార్కులొచ్చేయి" అన్నాడు. వాళ్లు నవ్వారు. చివరికి పెద్దమ్మది చదవమన్నాడు.

"రచయిత భార్య ఏడాది క్రితం అనారోగ్యంతో మరణించారు. ఆమె వంట బాగా చేసేవారు. వారి ఇంట్లో కొందరు బంధువుల పిల్లలు చదువుకున్నారు. రచయిత ఆమెను గుర్తు చేసుకుంటున్నారు."

మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"బంధువుల పిల్లలంటే ఎవరో తెల్సా?"

నేనేనన్నాను.

"నువ్వు కొబ్బరినీళ్లిచ్చి పోయాక ఆమె నిన్ను గురించి చెప్పింది. నాకొక్కడికే చెప్పింది. అదంతా ఆ వ్యాసంలో పెట్టా. చదివి ఫోన్ చేస్తావని కూర్చున్నా."

లింకు నొక్కాను. పేజీ లేదని వచ్చింది. పెద్ద కూతురి చేత సైటు మొత్తం తీసేయించాడట. ఎక్స్‌టెన్షన్ దాన్ని కూడా వదల్లేదు, ఈ పేజీలో ఎలాంటి సమాచారమూ లేదని సారాంశం రాసి దాచుకుంది. పెదనాన్న కర్ర అందుకుని ఆటో పిలిపించమన్నాడు.

ముసలాయన మీద ఒళ్లు మండిపోయింది. తీసేసేవాడు ఆ ముక్క నాకు చెప్పి తీసేయొచ్చుగా. అక్కకు ఫోను చేశాను. నాన్న తీసేయమంటే తీసేశానంది, చదవలేదట. చిన్నక్కా చదవలేదు. ఆ వ్యాసాన్ని చివరిదాకా చదివింది లోకంలో మా ఆఫీసు కంప్యూటరొక్కటే. అది పెద్దమ్మ వంట బాగా చేసేదని తేల్చింది.

పెద్దమ్మ నన్ను తిట్టిందా? ఇంట్లో పెట్టుకుని పెంచితే ఫోను చూసుకుని పోయాడని ఏడ్చిందా? పాపం పని ఒత్తిడిలో ఉన్నాడని వెనకేసుకొచ్చిందా? తిట్టిందన్నా నాకు నిద్ర పట్టేది. ఆసుపత్రి ముందు నుంచి పోవడం మానేసి, స్టేషను రోడ్డు చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాను.

లారీలు తగ్గాక ఒకరోజు సెలవు పెట్టి రెంటచింతల వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, తలుపులన్నీ వేసి ఉన్నాయి. పెదనాన్న చీకటిగదిలో నవారు మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన ఫోను కూడా లేదు. ఇప్పుడేం చెప్పట్లేదా అంటే, ఎవరికి చెప్పాలన్నాడు. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. జన్మలో ఎప్పుడూ ఎవర్నీ అంతలా బతిమాలలేదు.

"అంతా చెప్పొద్దులే పెదనాన్నా. మంచిగా చెప్పిందా, చెడ్డగా చెప్పిందా? అదొక్కటీ చెప్పు చాలు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడేమో, ఆ చీకట్లో నాకు కనిపించలేదు.

"చానా చెప్పిందిరా. నీకంత తీరిక లేదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.