కొత్త జీపుకు కట్టిన నల్ల గుడ్డ

రాస్తున్నవా బిడ్డా? రాయి. పొద్దున మీ నాయిన కొత్త బండి తెచ్చి వాకిట్ల నిలవెట్టి, "అమ్మా, బురద గిట్ల వస్తే ఈ బటన్ నొక్కితే సాలు, నాలుగు టైర్లు గుంజుతయి" అని సూపెట్టిండు గదా. నేను ఊ అన్న గాని, నా కండ్లు బటన్ మీద లేకుండె, ముంగటి టైర్ల నడుమకు పోయినయి. వంగి సూస్తుంటే "ఏం ఎతుకుతున్నవ్ నానమ్మా" అని నువ్వు నవ్వినవ్. గా ముచ్చటనే ఇది. ఎవ్వలకు జెప్పలే ఇన్నొద్దులు. మీ తాతకు గూడ.

గప్పుడు మేము నాచారంల, ఫ్యాక్టరీ షెడ్ల ఎనుక గల్లీల ఉంటుంటిమి. మీ తాతది బాయి మోటర్లు బాగుజేసే పని. ఉప్పల్ దాటి నాగోల్ దిక్కు పోతే రోడ్డేడిది గప్పుడు? మూసీ పొంటి అంత బర్లకేసే గడ్డి మళ్ళు, నల్ల బురద. కాలు వస్తే చెప్పు రాదు, చెప్పు వస్తే కాలు రాదు. ఆ బురదలకెల్లి మోటర్లు మోసుకొచ్చేది మా పాత జీపే. మిలిటరోల్లు వాడి ఇడిసిన బండి. కూసుంటే నడుములు ఇరిగేటియి. మా అత్తమ్మ అయితే ఎక్కినకాడికెల్లి దిగేదాంక దేవుని పాటలు పాడేది, భక్తితోని కాదు, భయంతోని. అయినా ఒక్కనాడు బురదల ఆగలే అది. సీటు పక్కపొంటి ఒక రాడ్ ఉండె, అది గుంజితే ముంగటి టైర్లు గూడ పట్టుకునేటియి. గంతే.

అది ముసల్దయింది, ఇంజిన్ ఊకె దగ్గుతుండె. అమ్మేసి కొత్త జీపు తెచ్చిండు మీ తాత. తళతళ మెరుస్తుండె. గల్లీ గల్లంత వచ్చి సూసింది. నేనైతే బండిని గాదు, వాళ్ళ కండ్లను సూస్తుంటి. మా గల్లీల ఒకాయన కొత్త స్కూటర్ కొన్న వారానికే కాలు ఇరగ్గొట్టుకున్నడు, గది మనసుల మెదుల్తుండె. పాస్టరయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యివెట్టి ప్రార్థన జేసిన్రు. ఆమెన్ అన్న గాని భయం పోలే. ఎన్కటి నుంచి వచ్చిన దిష్టి భయం, బాప్తిస్మం దీస్కుంటే పోతదా? తెల్లారి మెకానిక్ అన్న వచ్చి ముంగటి టైర్ల నడిమిట్ల, ఒక్కో టైరుకు ఒకటి, మెరిసే బిళ్ళలు రెండు సూపెట్టిండు. "అన్నా, ఇది పాతదాని లెక్క గాదు. బురదల రాడ్ గుంజుడొక్కటే సాలది. ముందుగాల దిగి ఈ రెండు బిళ్ళలు తిప్పాలె, లేకుంటే ముంగటి టైర్లు పట్టయి." మీ తాత "సరే సరే, నాకు నేర్పుతున్నవా" అన్నడు. ఆయనకు బండి ముచ్చట ఎవ్వలన్న జెప్తె నచ్చకపోయేది.

నేనేం జేసిన్నో ఎర్కేనా? ఊరంత కండ్లు ఆ మెరుపు మీదనే ఉన్నయని, పాత నల్ల లంగ చింపి రెండు బిళ్ళలకు గట్టిగ చుట్టి సుతిల్‌తోని కట్టిన. "ఏందే ఇది?" అన్నడు మీ తాత. "దుమ్ము పడకుంట" అన్న. దిష్టి అంటే పాస్టరయ్యగారి దాంక పోతదని భయం. "బండికి గూడ ముసుగేసినవా" అని నవ్వి ఊకున్నడు.

నెల గూడ కాలే. మూడొద్దుల ముసురు. పగటీలి మా ఆడబిడ్డ పెనిమిటి సైకిల్ మీద తడుసుకుంట వచ్చి, "బావా, పొద్దటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందంట, మంత్రసాని నాతోని గాదన్నది" అని గడపల కూలవడ్డడు. మూసీ పొంటి ఊరు వాళ్ళది. జీపుల ఉరికినం. పోయేటప్పుడు ఎట్లనో దాటినం. మా ఆడబిడ్డను ఎనుక పండవెట్టుకొని దవాఖానాకు మర్లినమా, గడ్డి మళ్ళ నడుమకు రాంగనే జీపు దిగవడ్డది. రాడ్ గుంజిండు మీ తాత. ఎనుక టైర్లు గిర్రున తిరిగినయి, బురద ఎగిరింది, బండి ఇంక లోపటికి కూసున్నది. "పాతదైతే ఈపాటికి దవాఖానాల ఉంటుంటిమి" అన్నడు, ఏడుపు గొంతుతోని. బావబామ్మర్దులిద్దరు దిగి ఎనుక టైర్ల కింద గోనెసంచులు ఏస్తున్నరు. ఆడబిడ్డ నా చెయ్యి గోర్లు దిగేటట్టు పట్టి, "వదినా, నేను బతకనే" అన్నది. ఆమె పెదవులు తెల్లవడ్డయి.

గప్పుడు యాదికొచ్చింది. బిళ్ళలు! రాడ్ గుంజిండు గాని బిళ్ళలు తిప్పలే. కంటికి కనవడితె యాదికొచ్చేటియి, నేనేమో గుడ్డ గట్టి దాసిపెడ్తి. నా భయమే ఈమెను సంపుతదా అనుకున్న. దుంకిన. మోకాళ్ళ దాంక బురద. సుతిల్ తాడు తడిసి బిగుసుకున్నది, గోర్లకు రాలే, పండ్లతోని కొరికిన. ఒక బిళ్ళ తిరిగింది. రెండోది బురదలనే మునిగి ఉండె. టైరుకు చెంప ఆనిచ్చి, చేతితోని తడిమి తడిమి తిప్పిన. గుడ్డలు రెండు బురదలకు తొక్కి అరిసిన, "ఓ, ఇంటున్నవా, బిళ్ళలు తిప్పలే నువ్వు, ఇగో తిప్పిన, ఎక్కు!" మీ తాత నెత్తి కొట్టుకుండు. "అయ్యో, మర్సిపోయిన్నే!" ఎక్కి గేర్ ఏసిండు. నాలుగు టైర్లు పట్టుకున్నయి.

ఇంకో గడియైతే ఇద్దరు దక్కకపోదురన్నది డాక్టరమ్మ. ఆ పుట్టిన పిల్లనే క్రిస్మస్‌కు నీకు కేకు తెచ్చే చిన్నమ్మ.

ఆనాటి సంది మీ తాత ఎవ్వలచ్చినా గదే ముచ్చట. "నా మర్పుకు చెల్లె పాణం పోయేదుండె, మా ఆమె దేవత లెక్క దిగి కాపాడింది" అనేటోడు. నేను చాయ పోసుకుంట తల వంచుకునేదాన్ని, సిగ్గు అనుకునేటోల్లు అందరు. గుడ్డ దిష్టికి గట్టిన, అది కప్పవట్టే నువ్వు మర్సినవ్ అని రేపు జెప్త, ఎల్లుండి జెప్త అనుకున్న. ఆయన మర్పు ఆయన పాణంతోని పోయింది, నా గుడ్డ ముక్కలు ఆ బురదలనే ఉన్నయి. వాటి మీద ఇండ్లు లేసినయి, పక్కపొంటి మెట్రో తిరుగుతుంది. జెప్పాలనుకున్న మాటకు ఎంత టైం ఉంటదనుకుంటమో గాని బిడ్డా, ఇనేటోడు పోయినంక కొండంత టైం మిగుల్తది, అది దేనికి పనికి రాదు.