ఫొటో లేని ఏడో డబ్బా

మా సంఘంలో కురుమయ్యను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీటింగుల్లో మాట్లాడడు. శాలువా కప్పుతామంటే ఏదో పనుందని బయటికి వెళ్లి, మళ్లీ రాడు. ఇలాంటి మనిషి సేవా సంఘంలో ఎన్నాళ్లుంటాడులే అని మొదట్లో నేనూ అనుకున్నాను. మూడేళ్లుగా ఉన్నాడు. శాలువాలు కప్పించుకున్నవాళ్లే ఒక్కొక్కరూ మాయమయ్యారు.

సంఘమంటే ఏదో పెద్దదనుకునేరు. గద్వాలలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు రోజూ మధ్యాహ్నం అన్నం పంపుతాం. ఇరవై రెండు డబ్బాలు. వండేది నేను. నా పేరు ప్రేమలత. అంతకుముందు బడిలో పిల్లలకు వండిపెట్టాను కాబట్టి ఇరవై రెండు మంది నాకు లెక్కలోకి రారు. డబ్బాలు మోసుకెళ్లేది కురుమయ్య. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసి, నడుము ఇక నావల్ల కాదన్నాక మగ్గాన్ని భార్య రేణుకకు అప్పజెప్పి మోపెడ్ ఎక్కాడు. నడుము నొప్పితో ఈ సందుల్లో మోపెడ్ ఏమిటన్నా అని అడిగాను ఒకసారి. కూర్చున్నా నొస్తుందట, తిరిగినా నొస్తుందట. తిరిగితే నలుగురు తింటారట. నేను తిరిగి పప్పు గరిటె అందుకున్నాను.

అతని పద్ధతులు అతనికున్నాయి. గుమ్మం ముందు మోపెడ్ ఆపి "ఉన్నవా?" అని కేకేస్తాడు. ముసలివాళ్లను పట్టుకుని ఉన్నావా అని అడగడం అపశకునమని సంఘంలో అభ్యంతరం వచ్చింది. సరేనని మర్నాటి నుంచి "అన్నం" అని పిలిచాడు. ఎనభై దాటిన ఎల్లన్న తలుపు తియ్యలేదు. రోజూ తనను ఉన్నావా అని అడిగేది ఈ ఒక్క మనిషేనని, అది కూడా మానేస్తే ఎట్లా అని లోపలి నుంచే తగువు పెట్టుకున్నాడు. మళ్లీ పాత పిలుపే ఖాయమైంది. ఇంకో పద్ధతి, మొదటి ముద్ద నోట్లో పెట్టేదాకా అక్కడి నుంచి కదలడు. రాత్రికి దాచుకుని, పులిసిన అన్నం తిని దవాఖాన పాలైనవాళ్లను చూశాడు మరి. దీనివల్ల చివరి డబ్బా చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. నేను రోజూ తిడతాను. రోజూ మూడే అవుతుంది.

ఇక సంఘం నియమం ఒకటుంది. ఎవరి పుట్టినరోజుకో, ఎవరి వర్ధంతికో ఒక్కొక్క దాత ఒక్కొక్క రోజు భోజనం పెట్టిస్తారు. ఆ దాత పేరున్న అట్ట ఒకటి తయారవుతుంది. అట్ట తినేవాళ్ల ఒళ్లో పెట్టాలి, డబ్బా చేతికియ్యాలి, ముఖం స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి ఆ రోజే సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టాలి. మూడుసార్లు ఫొటో రాకపోతే పేరు కొట్టేస్తారు. ఈ నియమం పెట్టింది మా అధ్యక్షుడు చంద్రశేఖర్ సారు. ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. పత్తి విత్తనాల వ్యాపారం. బియ్యం తక్కువైతే అడగకముందే సొంతింటి నుంచి బస్తా పంపిస్తాడు. దాతకు నమ్మకం కుదరాలి కదా అని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచింది. ఆ అట్టలు రాసేది కూడా నేనే.

ఏడో నంబరు డబ్బా విజయమ్మది. ఒకప్పుడు వీధి వీధంతటి మగ్గాలకూ నూలు కండెలు చుట్టిపెట్టిన మనిషి. చూపు మందగించింది. ఒకరోజు పొయ్యి దగ్గర కొంగు అంటుకుంటే పక్కింటివాళ్లు వచ్చి ఆర్పారు. అప్పటి నుంచి పొయ్యి వెలిగించలేదు. పన్నెండు రోజులు అటుకులు నానబెట్టుకుని బతికిందని కురుమయ్య కనిపెట్టి, పేరు రాయించాడు. డబ్బా తీసుకుంది. ఫోన్ ఎత్తగానే మాత్రం గోడ వైపు తిరిగింది. ఎందుకంటే చెప్పదు. "అన్నం ఇస్తె ఇయ్యి, లేకుంటె తీస్కపో. గా ఫొటో మాత్రం వద్దు" అంది. రెండో రోజూ అంతే.

మూడో రోజు ఫొటో వచ్చింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, పక్కకు తిరిగి, ఒళ్లో అట్ట పెట్టుకుని ఉంది. ముఖం సరిగ్గా పడకపోయినా పర్వాలేదని, ముసలమ్మను భలే ఒప్పించావయ్యా అని చంద్రశేఖర్ సారు మెచ్చుకున్నాడు. ఏడు వారాలు అలా ఫొటోలు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. మేము ఆడమనిషిని చూస్తే ముందు చీర అంచు చూస్తాం, తర్వాత కొంగు చూస్తాం, ఇంకా తీరిక ఉంటే ముఖం చూస్తాం. ఒకరోజు ఏడో నంబరు ఫొటోలో కుంకుమరంగు అంచు, దాని మీద హంసల వరస. ఒక హంసకు ముక్కు లేదు. ఆ తప్పు పడిందనే చీరలు కొనే సేటు దాన్ని తిప్పి పంపాడు, అందుకే అది అమ్ముడుపోక రేణుక పెట్టెలో ఉండిపోయింది. నాకు తెలుసు కదా. తెలిసినదాన్ని ఊరుకోవచ్చు కదా. "రేణుకా, ముక్కులేని హంస చీర నీకు ఎంత బాగుందే" అని పేజీలో అందరూ చదివేలా రాసి, వెళ్లి బియ్యం కడుక్కున్నాను.

ఫొటోకు విజయమ్మ బదులు రోజూ ఇంట్లో కట్టే పాత చీరతోనే కూర్చునేదట రేణుక. ఆ రోజు అలంపూర్‌లో పెళ్లికి పోవాలని హడావిడిగా ఉండి, కట్టుకున్న పట్టుచీరలోనే కూర్చుంది. సాయంత్రానికి సంఘమంతా గుప్పుమంది.

మీటింగు పెట్టారు. ఏడో డబ్బా కురుమయ్య ఇంటికే పోతోందని ఒకాయన అనేశాడు. నాకు ఒళ్లు మండింది. మూడేళ్లలో కురుమయ్య మా వంటింట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అతను మాత్రం కోప్పడలేదు. డబ్బా విజయమ్మే తింటోందని, ఫొటో మాత్రం తన ఇంట్లో తీశానని, మబ్బు పట్టింది, వాన రావచ్చు అన్నంత మామూలుగా చెప్పాడు. ఆదివారం తానే వస్తానని, ఆమె ఫొటోకు ఒప్పుకుంటే సరి, లేదంటే పేరు కొట్టేయాల్సిందేనని చంద్రశేఖర్ సారు తేల్చాడు. డబ్బాల కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారన్నాడు. అదీ నిజమే.

నా నోటిదూల వల్ల ఒక ముసలమ్మ నోటి దగ్గరి కూడు పోతోంది. మా ఇంటి నుంచే పంపుదామని కురుమయ్యతో అన్నాను. రేణుకా తానూ ఆ మాట ఎప్పుడో అడిగి చూశామన్నాడు. విజయమ్మ ససేమిరా అందట. ఒక ఇంటి అన్నానికి అలవాటు పడితే ఆ ఇంటికి బరువైపోతాననీ, సంఘం డబ్బాకైతే రేషన్ లాగా ఒక నంబరుందనీ, నంబరుంది కాబట్టే తింటున్నాననీ చెప్పిందట. అంటే నంబరు పోతే మళ్లీ అటుకులే.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. గుమ్మం బయటే చంద్రశేఖర్ సారు కురుమయ్యకు గట్టిగా చెప్పాడు: తాను మాటల్లో పెడతానని, చేతులు పళ్లెం మీద పడగానే ఇంకేం చూడకుండా ఫొటో కొట్టేయమని. అట్ట సారు చంకలోనే ఉంది.

విజయమ్మ గొంతులను బట్టి ముగ్గురని లెక్కపెట్టుకుని చాప పరిచింది. సారు కింద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, దాతల నమ్మకం గురించి నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాడు. ఆమె అంతా విన్నది. విని, డబ్బా మూత తీసి, తడుముకుంటూ పళ్లెం తెచ్చి, సగం అన్నం, సగం పప్పు అందులో పెట్టింది.

"అన్నం యాళ్లకొచ్చినవ్ నాయనా. ముందుగాల తిను. మాటలు ఆనక" అంది.

సారు వద్దన్నాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చూపు ఆనని ముసలామె పళ్లెం అలా పట్టుకునే ఉంటే ఎంతసేపని చూస్తాడు? రెండు చేతులా అందుకున్నాడు. కురుమయ్య ఫొటో కొట్టాడు.

ఫొటోలో విజయమ్మ వీపు పడింది. సారు ముఖం స్పష్టంగా పడింది. ఒళ్లో అట్ట, రెండు చేతుల్లో పళ్లెం, కొంచెం ఇబ్బందిగా పైకి చూస్తున్న కళ్లు. కురుమయ్య దాన్ని అక్కడే నిలబడి పేజీలో పెట్టాడు, రోజూ పెట్టే మాటలతోనే: "ఈ రోజు నిరుపేదలకు అన్నదానం." కావాలని చేశాడా అంటే చెప్పలేను. అతని ముఖంలో ఏమీ లేదు, ఎప్పుడూ ఉండదు. నేను పక్క నుంచి చూశాను. ఆపగలిగేదాన్నే. ఆపలేదు.

సాయంత్రానికి ఫొటో కింద దండాల బొమ్మలు కుప్పలు పడ్డాయి. మా అధ్యక్షుణ్ని ఎన్నడూ చూడని హైదరాబాద్ దాత ఒకాయన, ఈ పెద్దాయన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోందని, నెల నెలా బియ్యం తానే పంపిస్తానని రాశాడు. కురుమయ్య మా వంటింటి ముందు డబ్బాలు కడుగుతుండగా ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని నేనే స్పీకర్ పెట్టాను.

"కురుమయ్యా, జర ఆ ఫొటో తీసెయ్యి" అన్నాడు చంద్రశేఖర్ సారు.

"ఎందుకు సార్? ముఖం మంచిగనే పడ్డది గద."

"మా బిడ్డను వనపర్తిల ఇచ్చినమయ్యా. వాళ్ల అత్తగారోళ్లు చూసిన్రంట. మీ నాయనకు ఏమైంది, ఎవరో అన్నం పెడుతున్నరేంది అని అడుగుతున్నరంట. బిడ్డ ఫోన్ జేసి ఏడుస్తుంది."

కురుమయ్య చేతిలోని డబ్బా కడగడం ముగించి బోర్లించాడు.

"విజయమ్మ బిడ్డను నాగర్‌కర్నూల్‌ల ఇచ్చిన్రు సార్. ఆడ గూడ ఫోన్లున్నయి."

మూడేళ్లు రోజూ నా చేత్తో రాసిన అట్టలు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

"ఆమె చెప్పిందా నీకు, గందుకే వద్దంటున్నదని?" అన్నాడు సారు.

"చెప్పలే సార్. నేను అడగలే."

సారు ఇంకేమీ అడగలేదు, తేల్చేశాడు.

"సరే. నా బిడ్డకు నేను చెప్పుకుంట. నాది ఉండనియ్యి. మిగిలినోళ్లయి అన్నీ తీసెయ్యి. రేపటి సంది డబ్బా చాలు, ఫొటో వద్దు."

కురుమయ్య చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. మూడేళ్లవి కదా, చీకటి పడేదాకా అక్కడే కూర్చుని తీస్తూనే ఉన్నాడు.