పూజ చేసిన కారు

సారపాక దాటాక అడవి మలుపులో మా బస్సు ఒక కొత్త కారుకు రాసుకుంది. భద్రాచలంలో పూజ చేయించి తెస్తున్న కారు, దండ ఇంకా వాడలేదు. తలుపు మీద సన్నటి గీత పడింది. కారు యజమాని మొదట ఆ గీతను కండువాతో తుడిచాడు. తర్వాత మా డ్రైవరును కిందికి లాగి, నోట్లోంచి నెత్తురు కారేదాకా కొట్టాడు. మేమంతా కిటికీల్లోంచి చూస్తున్నాం.

నా పక్కన కూర్చున్న పెద్దామె దిగి వెళ్లి, తన సంచిలోని కొబ్బరికాయతో ఆ కారు సైడ్ అద్దం పగలగొట్టింది.

"గీతకే గంత కొడితివి. గిదానికెంత కొడ్తవో నన్ను కొట్టు."

అతను చెయ్యెత్తాడు. కొట్టలేకపోయాడు.

డ్రైవరు మూతి తుడుచుకుని బస్సు కదిలించాక, పెద్దామె పగిలిన కాయలోంచి ఒక ముక్క తీసి నాకిచ్చింది. "చూసి తిను బిడ్డా, గాజుంటది."

ఇప్పటికీ కొబ్బరిముక్క నోట్లో పెట్టుకుంటే నెమ్మదిగానే నములుతాను.